డ్రమ్ములు వాయించేవాడి పుస్తకంలో నేను దాటేసిన రెండు అధ్యాయాలు

మా చిన్నప్పుడు... స్కూలు బ్యాగు మూల పడేసి, కాళ్లు కడుక్కుని నేను చేసే మొదటి పని ఏంటంటే... వసారాలో కూర్చుని ఎక్కడో దేశంకాని దేశపు రాక్ డ్రమ్మరు జీవితకథ మా మావయ్యకి తెలుగులో చెప్పడం!

ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... నిన్న ఒక పుస్తకాల గ్రూపులో ఎవరో పాపం, రాక్ సంగీతం వాళ్ల జీవితకథల్లో చదవదగ్గవి చెప్పమని అడిగారు. సంబరంగా రాయబోయాను. ఈలోపు ఒక పెద్దమనిషి సలహా... చదవండి గానీ తాగుడు, మత్తుమందుల అధ్యాయాలు వదిలెయ్యండి, పిల్లలకిస్తే ఆ పేజీలు చింపి ఇవ్వండి అట. దానికి బోలెడు లైకులు! నాకు ఒళ్లు మండిపోయింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, అమ్మమ్మ ఇంట్లో మాతోనే ఉండేవాడు. పగలు నర్సీపట్నంలో జీడిపిక్కల బట్టీలో పని. పెళ్లిళ్లకీ, తీర్థాలకీ, జాతరలకీ ఆర్కెస్ట్రాలో డ్రమ్స్. కోటవురట్లలో స్టేజీ కట్టినా, రోలుగుంటలో కట్టినా మావయ్య ఉండాల్సిందే. పాడేవాళ్ల పేర్లు మైకులో రెండేసి సార్లు చెప్పేవారు... వెనకాల చెమటలు కక్కుతూ వాయించే మావయ్య పేరు ఒక్కసారీ చెప్పేవారు కాదు. ఆ మంట నాకు ఇప్పటికీ ఉంది.

ఒకసారి వైజాగ్ వెళ్లి, పాత పుస్తకాల కుప్పలోంచి ఈ లావుపాటి పుస్తకం తెచ్చాడు. అట్ట లేదు, ముందు పేజీలు లేవు. పేరు అడక్కండి, నాకూ తెలీదు. మధ్యలో డ్రమ్స్ ముందు కూర్చున్న జులపాల మనిషి ఫొటో ఉంది. అది చూసే కొన్నాడు. మావయ్యకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేనేమో కాన్వెంటులో ఎనిమిదో తరగతి... ఇంకేం, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని పెద్ద పండితురాలిలా మొదలెట్టాను.

బట్టీ నుంచి బుట్టెడు పిక్కలు ఇంటికి తెచ్చుకుని, జీడి అంటి కాలకుండా చేతులకి బూడిద రాసుకుని కొడుతూ వినేవాడు. మధ్యలో ఆగి ఏదైనా ఫొటో చూద్దామని పేజీ పట్టుకుంటే నల్లటి వేలిముద్ర పడేది. జీడి మరక తెలుసుగా... చచ్చినా పోదు. పుస్తకం నిండా మావయ్య బొటనవేళ్లే.

ఆ డ్రమ్మరు చిన్నప్పుడు వాళ్లమ్మ గిన్నెలు వాయించి సొట్టలు పెట్టి తన్నులు తిన్నాడని చెబితే పడీ పడీ నవ్వాడు. "మనోడేనే గుంటా ఈడు" అన్నాడు. ఆ రోజు మావయ్య మొహం చూడాలి!

కానీ మావయ్య తాగేవాడు. మొదట్లో ప్రోగ్రాం అయ్యాక... తర్వాత ప్రోగ్రాంకి ముందు... ఆ తర్వాత ప్రోగ్రాం లేకపోయినా. పుస్తకంలోనూ తాగుడు మొదలైంది. అది చదివిన రోజే అమ్మమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆ తాగుడు గొడవలొస్తే దాటీసి సెప్పు. ఇంటే ఈడికి ఇంకా తాగాలని బుద్ధి పుడతాది."

దాటేశాను. రెండు పూర్తి అధ్యాయాలు! వానలో బస్సు ఆగిపోయిందనీ, దారిలో ఎవరో అన్నం పెట్టారనీ నా సొంత కథలు అల్లి చెప్పాను. నాలుగు రోజులు పోయాక మావయ్య తలెత్తకుండానే అడిగాడు...

"మరి ఆడు తాగుడు మానీసాడా, నేదా?"

అదేం రాయలేదు మావయ్యా, అన్నాను. సరేలే అని పిక్కలు కొట్టుకున్నాడు.

నేను ఇంటర్ చదువుతుండగా మావయ్య పోయాడు. లివర్ పాడైంది. నలభై కూడా నిండలేదు. చుట్టాలంతా చేరి, ఎవరు చెబితే మాత్రం విన్నాడా అన్నారు. ఎవరు చెప్పారండీ? నోటికొచ్చినట్టు తిట్టారు. ఎలా మానాలో ఒక్కరంటే ఒక్కరు చెప్పారా? నాతో సహా!

ఉద్యోగం వచ్చాక అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఆ పుస్తకం దొరికింది. దాటేసిన చోటు నుంచి చదివాను. డ్రమ్ము లోపల సీసా దాచుకోవడం... స్టేజీ మీద చెయ్యి వణికి తాళం తప్పడం... పెళ్లాం వెళ్లిపోవడం... చివరికి ఒక పొద్దున్న ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, నా ఒక్కడి వల్ల కాదు, తోడు రమ్మని స్నేహితుణ్ణి అడిగాడట. అక్కణ్ణుంచి ఒక్కో రోజూ ఎలా గడిపాడో, తాగాలనిపించినప్పుడల్లా ఏం చేశాడో అంతా రాసుకున్నాడు. మానేశాడు కూడా. మావయ్యకి కావలసిందంతా అక్కడే ఉంది.

నేను ఒక్క ముక్క కూడా చదివి చెప్పని ఆ పేజీల్లో... నల్లటి వేలిముద్రలున్నాయి.

దాటేసిన చోట మొదటి అయిదు లైన్ల మీద పెన్సిలుతో వంకర టింకర తెలుగు. సీసా... దాచుట... సిగ్గు... నేను స్కూలుకి వెళ్లినప్పుడు నా డిక్షనరీ తీసి వెతుక్కున్నట్టున్నాడు. ఆరో లైను నుంచి ఏమీ లేదు. నేను దాటేశానని మావయ్యకి తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు.

కాబట్టి సలహా ఇచ్చిన పెద్దమనిషి గారూ... చదవదగ్గవి నేను చెబుతా వినండి. అవార్డులు, విమానాలు, గొప్పలు నిండినవి మీరే ఉంచుకోండి. స్టేజీ మీద వెనకాల కూర్చున్నవాళ్లు రాసుకున్నవి చదవండి. తన వెధవపని తన నోటితో ఒప్పుకున్నవి చదవండి. ఎవరో అభిమాని రాసిందైతే, పక్కన వాయించినవాళ్లనీ, వదిలేసి వెళ్లిన పెళ్లాన్నీ కూడా అడిగి రాశాడో లేదో చూసుకోండి. పేజీలు మాత్రం చింపకండి. ఏ పేజీ ఎవరికి అవసరమో మీకెలా తెలుసు? మా అమ్మమ్మకీ తెలీలేదు.

ఇప్పుడు ఫోను పేజీ మీద పెడితే చాలు, ఏ భాషైనా తెలుగులో చూపించేస్తుంది... ఏదీ దాచదు. ఆ రోజుల్లో మావయ్యకి నేనొక్కదాన్నే ఉన్నాను.

మీరు కూడా చిన్నప్పుడు ఇంట్లోవాళ్లకి ఏదైనా చదివి వినిపించారా... మధ్యలో ఏమైనా దాటేశారా? ఉంటే కింద రాయండి. మిమ్మల్ని తిట్టే మొహం నాకు లేదు.