వెండి మీద నిలవని అణువు

నాజ్నీన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆదిలాబాద్‌లో ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీలో అందరికీ తెలుసు. పీహెచ్‌డీ మధ్యలో వదిలేసిందటగా అని ఎవరైనా అంటే చాలు, గయ్యిమంటుంది. "నేను ఇడువలే. ఇడిపిచ్చిండ్రు."

కరీంనగర్‌లో ఒక కాలేజీలో గైడు రామచంద్రం సార్ దగ్గర పీహెచ్‌డీకి నాలుగేళ్లు పనిచేసింది. అక్కడ సన్నటి వెండి తీగలతో అల్లే తీగపని వస్తువులు గాలిలోని గంధకం తగిలి నల్లబడతాయి. వెండిని గట్టిగా అంటిపెట్టుకుని గంధకాన్ని దగ్గరికి రానివ్వని అణువు దొరికిందని సార్ తీగపనివాళ్ల మీటింగులో మైకు పట్టుకుని చెప్పేశాడు. దొరికింది సీసాలో కాదు, కంప్యూటర్ లెక్కలో. దాన్ని సరిచూసే పని నాజ్నీన్‌ది.

తెర మీద కొన్ని వెండి పరమాణువుల గుంపు, దాని మీద ఆ అణువు కదలకుండా ఆగి ఉంది. ఆగినంత మాత్రాన అంటుకున్నట్టు కాదు. గుట్ట అంచున బండ కూడా ఆగే ఉంటుంది, జరంత కదిపితే దొర్లుతుంది. అట్లా కదిపి చూసేదే వైబ్రేషన్ లెక్క. అందులో మైనస్ గుర్తు వస్తే అది నిలిచే చోటు కాదు. నాజ్నీన్‌కు మైనస్ వచ్చింది. మళ్లీ చేసినా మైనసే. అక్కణ్ణుంచి కాస్త జరిపితే అణువు వెండిని వదిలేసి పోయింది.

"గా వైబ్రేషన్ లెక్క ఎవలు చెయ్యమన్నరు నిన్ను?" అన్నాడు సార్.

"చెయ్యకపోతే ఎట్ల తెలుస్తది సార్?"

"తెలిసి ఏం చేస్తవ్? థీసిస్‌లకెల్లి తీసెయ్. నా సంతకం కావాల్నా, వద్దా?"

మైకులో చెప్పిన మాటను లెక్క కాదంటే, ఆ కాలేజీలో తప్పు లెక్కదే అవుతుంది. ఆమె తీసెయ్యలేదు. థీసిస్ మీద సార్ సంతకం పెట్టలేదు.

అదే అణువు మీద ఈ ఏడు భానుప్రసాద్ అనే పిల్లగాడు థీసిస్ ఇచ్చాడు. థీసిస్ మీద జరిగే నోటి పరీక్ష, వైవాకు ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు. నాజ్నీన్ సెలవు పెట్టి కరీంనగర్ వచ్చింది.

"బాగున్నవా అమ్మా? సమోసాలు తిని పో," అన్నాడు సార్ గుమ్మంలోనే, నవ్వుతూ.

"తినెతందుకు రాలే."

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రశ్నలున్నాయా అనగానే లేచి నిలబడింది. "తమ్మీ, వైబ్రేషన్ లెక్క చేసినవా?"

సార్ అడ్డుపడ్డాడు. "మధ్యల పోయిన స్టూడెంట్ సార్. పాపం, మనసు బాగుంటలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాజ్నీన్ చెవులు భగ్గుమన్నాయి. "నా మనసు సంగతి తర్వాత. చేసినవా, చెయ్యలేదా?"

"చేసిన అక్కా," అన్నాడు భానుప్రసాద్. "మైనస్ వచ్చింది." ఒకసారి సార్ వైపు చూశాడు. "నేనే తీసేసిన."

పరీక్షకుడు అక్కడికక్కడే డిగ్రీ ఆపేశాడు. "నాకు చెప్పకుంట ఎంత పని చేసిండు సూడుండ్రి," అంటూ సార్ పరీక్షకుణ్ణి పక్క గదిలోకి టీకి తీసుకుపోయాడు.

"ఖుషీనా అక్కా?" అన్నాడు భానుప్రసాద్.

"తీసెయ్యమన్న ఆయన పేరెందుకు చెప్పలే?"

"చెప్తే? మల్ల రాసిచ్చినా సార్ సంతకమే కావాలె. నీ తీర్గ నేను గూడ డిగ్రీ లేకుంట బస్సెక్కాల్నా?"

నాజ్నీన్ తట్టకుండానే పక్క గది తలుపు తోసింది. "నాకు తీసెయ్యమని చెప్పింది మీరే సార్. గీ సార్ ముంగట మల్ల చెప్పుండ్రి."

పరీక్షకుడు కప్పు కింద పెట్టాడు. సార్ మొహాన నవ్వు ఇంకా పోలేదు. నాజ్నీన్ కుర్చీ లాక్కుని సార్‌కు ఎదురుగా కూర్చుంది.