ఊడదీసిన గంట మోగింది

దయ్యాలను నేను నమ్మను. వాగు ఒడ్డున పీనుగులు కాల్చే చోటును ఆనుకుని ఉన్న చేనులో ఒక్కదాన్నే పత్తి ఏరినదాన్ని. నాకు ఎన్నడూ ఏదీ కనిపించలేదు, వినిపించలేదు. దిష్టిని మాత్రం నమ్మేదాన్ని. దిష్టి వేరు, దయ్యం వేరు అని నా లెక్క. ఆ లెక్క ఎంత పని చేసిందో రాస్తాను.

నాకు చిన్నప్పుడు చదువు లేదు. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు వంకరపోయిన వయసులో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. సోకు మాటలు రావు, ఉన్నదున్నట్టు రాస్తాను. ఇది రాయడం నాకు సిగ్గుగా ఉంది. రాయకపోతే మా కోడలి మీద నేను వేసిన మాట అట్లాగే ఉండిపోతుంది.

మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. నా కొడుకు తిరుపతి మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. కోడలు సునీత హుజూరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పోయిరావడానికి బస్సుల టైము కుదరడం లేదని తిరుపతి ఒక పాత కారు కొనిపించాడు. తెల్లది. చిన్న కారు కాదు, పెద్ద జీపూ కాదు, నడుమ రకం ఎత్తు బండి. ఇప్పుడు ఏ ఊరికి పోయినా అవే కనిపిస్తున్నాయి.

కరీంనగర్‌లో పాత బండ్లు అమ్మే మనిషి దగ్గర తీసుకున్నాం. అంతకుముందు అది శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని చేసి రిటైరైన ఒకాయనది. ఆయన పోయాక భార్య అమ్ముకుంది. ఆయన కారులో పోలేదు. ఆసుపత్రిలో, గుండె ఆగి పోయాడు. ఈ కథ విన్నవాళ్లంతా మొదట అదే అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను.

బండి తిరుపతి పేరు మీదికి మారింది. వాడి ఫోను నంబరు పరాయి దేశానిది కాబట్టి కరీంనగర్ మనిషికీ, శ్రీరాంపూర్ ఆమెకూ నా నంబరు ఇచ్చాం.

ఆ బండిలో నాకు నచ్చనిది ఒక్కటే. ముందు ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే టింగు టింగుమని మోగేది. బెల్టు నా మెడకు ఒరుసుకునేది. "నన్నేమన్న దొంగను వట్టుకపోతున్నవా, కట్టేస్తందుకు?" అనేదాన్ని. సునీత నవ్వేది, నవ్వుతూనే పెట్టుకొమ్మనేది. నేను వినలేదు. ఒకరోజు హుజూరాబాద్‌లో మెకానిక్ దగ్గర బండి ఆపించి, ఆ మోతను పీకెయ్యమన్నాను.

అతను స్టీరింగు కింద చెయ్యి పెట్టి వెతికి, అగ్గిపెట్టె కన్నా చిన్న నల్ల డబ్బా ఒకటి ఊడదీశాడు. "ఇగో అవ్వా, నీ కోడి. ఇగ కుయ్యది" అని నా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి పోపుల డబ్బాలో ఖాళీగా ఉన్న చిన్న గిన్నెలో వేశాను. ఆ రోజు నుంచి బండి మోగలేదు.

కొన్ని నెలలకు సునీత బ్రేకు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కోసారి మెత్తగా కిందికి పోతోందని, రెండోసారి తొక్కితే గానీ పట్టడం లేదని. మెకానిక్ ఆయిల్ మార్చాడు, నడిపి చూశాడు, మంచిగనే ఉందన్నాడు. వారం తిరగకుండానే ఆమె మళ్లీ అదే మాట.

"గొర్రె అడ్డమొస్తె బ్రేకు, బర్రె అడ్డమొస్తె బ్రేకు. గంతగనం తొక్కితె అది మాత్రం ఏం జేస్తది?" అన్నాను, వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల ముందు. అందరూ పడి పడి నవ్వారు. అంతటితో ఊరుకోలేదు. నీ పెండ్లానికి నడుపుడు రాదు, బండిని ఖరాబు చేస్తోందని మస్కట్‌కు ఫోన్‌లో చెప్పాను. వాడు నమ్మాడు. కొన్నాళ్లు బస్సులోనే పొమ్మన్నాడు. సునీత తాళంచెవి తెచ్చి నా మంచం మీద పెట్టి బస్సుకు నడిచింది.

ఆ రోజుల్లోనే శ్రీరాంపూర్ నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, మా తెల్ల బండి మీరే గదా తీసుకున్నది? మంచిగ నడుస్తుందా?" అని ఒక ఆడమనిషి అడిగింది.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. పాడి బర్రెను అమ్మితే దాని పలుపు తాడు ఇవ్వరు, అమ్మినవాళ్లే ఉంచుకుంటారు. ఆ తర్వాత పాలు ఎన్ని ఇస్తోంది, మేత తింటోందా అని అడగకూడదు. అడిగితే మనసు ఇంకా దాని మీదే ఉందన్నట్టు. కన్ను తగిలి బర్రె పాలు ఎగ్గొడుతుందని మా అవ్వ చెప్పేది. నేను ఆ పద్ధతిని ఇనుప బండికి పెట్టాను. ఆమె మంచిగ నడుస్తుందా అని అడగగానే నాకు ఒళ్లు మండింది. ఫోన్ కట్ చేశాను.

మర్నాడు మళ్లీ చేసింది. "జర వినమ్మా. కంపెనోళ్లు నా ఫోనుకు మెసేజులు వెడుతుండ్రు. గా బండ్లల్ల బ్రేకుది ఏదో పార్టు ఖరాబున్నదట. షోరూముకు తీసుకపోతె పైస లేకుండ ఉత్తగనే మారుస్తరట. మీకు ఎరుకనో లేదో అని..."

"అమ్ముకున్నంక గీ అడుగుడేంది?" అన్నాను. "మొగడు పోయిండు, బండి గూడ పాయె అని మనసు గుంజుతుందా? మా బండి మీద కన్ను వెట్టకు."

"మంచిదమ్మా" అని పెట్టేసింది.

బ్రేకు అన్న మాట నేను వినలేదని చెప్పుకోవచ్చు. విన్నాను. మా కోడలు చెప్పేదీ, ఆమె చెప్పేదీ ఒకటేనని ఆలోచించలేదు. ఈమె కన్ను పడబట్టే బ్రేకు అట్లా అయిందనుకున్నాను. బండికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. గుమ్మడికాయ తిప్పి పగలగొట్టాను. సునీతకు ఫోన్ సంగతి చెప్పలేదు.

కొన్ని రోజులకు ఆసిఫాబాద్‌లో సునీత అక్క పసిబిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ పెట్టుకున్నారు. చీరలు, పసిపిల్లకు సామాను, స్వీటు డబ్బాలు. ఇంత బరువు బస్సులో ఎట్లా అని తాళంచెవి నేనే తీసి ఇచ్చాను.

"వద్దు అత్తమ్మా, బస్సుల పోదాం" అంది సునీత.

"దిష్టి తీసిన. ఇగ దానికేం గాదు, నడువు."

పొద్దున బయలుదేరాం. శ్రీరాంపూర్ దాటేటప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. సునీత చూడలేదు. దారి పొడుగునా బ్రేకు బాగానే పట్టింది. బెల్లంపల్లి దాటి కొంతదూరం పోయాం. మిట్ట మధ్యాహ్నం, కళ్లు తెరవనివ్వని ఎండ.

అప్పుడు మోగింది. టింగు, టింగు, టింగు.

మొదట ఫోన్ అనుకున్నాను. నా ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆరిపోయి ఉంది. సునీత ఫోన్ ఆమె ముందే ఉంది, తెర నల్లగా ఉంది. పాటలు పెట్టుకోలేదు. మోత వస్తున్నది ఇదివరకు వచ్చిన చోటు నుంచే, అదే గొంతుతో.

"అత్తమ్మా, దాన్ని వీకేపిచ్చినం గదా?"

"పీకేపిచ్చినమే. ఇంట్ల ఉన్నది."

ఏమీ తోచక బెల్టు గుంజి పెట్టుకున్నాను. ఆ బండిలో నేను నా అంతట బెల్టు పెట్టుకోవడం అదే మొదలు. మోత ఆగలేదు. తీసి మళ్లీ పెట్టాను. ఆగలేదు.

ముందు రోడ్డు దిగుడుగా ఉంది. దిగుడు మొదలయ్యేచోట సునీత, "ఒక్కపారి ఆపి చూస్త" అని వేగం తగ్గించింది. గేరు తగ్గించి పక్కకు తీసింది. నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా పోతున్నాం. అప్పుడు ఆపడానికి బ్రేకు తొక్కింది. కాలు కిందిదాకా పోయింది. మళ్లీ తొక్కింది. మళ్లీ పోయింది.

"అత్తమ్మా, బ్రేకు వడుతలేదు" అంది. అంతే. అరవలేదు. చేతి బ్రేకు గుంజి, రోడ్డు పని కోసం పోసిన మొరం కుప్ప మీదికి బండిని ఎక్కించింది. ముక్కు మొరంలో గుచ్చుకుని ఆగింది. ఇద్దరికీ గీత కూడా పడలేదు.

దుమ్ము కిందికి దిగకముందే మోత ఆగిపోయింది. సునీత అప్పటికింకా తాళం తిప్పి బండి ఆపలేదు.

దిగి చూస్తే కింద వాగు మీది వంతెనపై ఒక ట్రాక్టరు నిలబడిపోయి ఉంది. టైరు పంచరు. ట్రాలీలో పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు దిగి, వంతెన మీదనే వరసగా కూర్చుని సద్దులు తింటున్నారు. మేము వచ్చిన వేగంతోనే పోయి ఉంటే నేరుగా వాళ్ల మీదికే.

వాళ్లలో ఒకామె మా బండిని చూసి, "ఏం బిడ్డా, అంత పెద్ద రోడ్డు సరిపోలేదా, కుప్పెక్కిచ్చినవ్?" అని అరిచింది. అందరూ నవ్వారు. సునీత కూడా నవ్వబోయి నేల మీద కూర్చుండిపోయింది.

బండిని గుంజుకుని మంచిర్యాలలో షోరూముకు చేర్చారు. అక్కడి మనిషి నంబరు కొట్టి చూసి, "గీ బండి రీకాల్ లిస్టుల ఉన్నది. ఎన్నో మెసేజులు పంపినం గదమ్మా, ఎందుకు తేలే?" అన్నాడు.

"మాకెవ్వలు చెప్పలేదన్నా" అంది సునీత, గట్టిగా. చెప్పి ఉంటే తెచ్చేదాన్ని కదా అన్నట్టు.

అతను తన దగ్గరున్న నంబరుకు ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు. అదే గొంతు. "చెప్పిన సారూ, రెండుసార్లు జేసిన. ఒక పెద్దమనిషి ఎత్తింది. మా బండి మీద కన్ను వెట్టకు అన్నది. ఇగ నేనేం జెయ్యాలె?"

నేను కింద గచ్చు బండల మధ్య గీతనే చూస్తున్నాను. సునీత నా వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. లేచిపోయి ఒక గ్లాసులో నీళ్లు తెచ్చి, "తాగు అత్తమ్మా" అని ఇచ్చింది. మొగుడికి కూడా ఆ సంగతి చెప్పలేదు. తిరుపతికి నేనే ఫోన్ చేసి చెప్పాను. నువ్వు బస్సులో పొమ్మన్నది నా మాట విని, తప్పు ఆమెది కాదు, నాది అన్నాను.

మోత సంగతి షోరూం మనిషిని అడిగాను. అతను కిందికి వంగి దీపం వేసి చూపించాడు. డబ్బా ఉండాల్సిన చోట ఉత్త తీగలు వేలాడుతున్నాయి. "ఇక్కడ సామానే లేదమ్మా, ఏం మోగుతది?" అన్నాడు. ఎండకు చెవులు గింగురుమని ఉంటాయన్నాడు. ఇద్దరికీ ఒకేసారా అని సునీత అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికి రాగానే చెప్పులు విడవకుండా వంటింట్లోకి పోయాను. నల్ల డబ్బా పోపుల డబ్బాలోనే ఉంది. దాని మీద ఆవాల వాసన.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ చనిపోయిన ఆయనే తన బండిలో ఉండి మమ్మల్ని కాపాడాడని. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన నాకు హాయిగా అనిపించింది. దయ్యం కథ పెద్దదైతే అందులో నా తప్పు చిన్నదవుతుంది. చీర, పండ్లు తీసుకుని, సునీతను వెంటబెట్టుకుని బస్సులో శ్రీరాంపూర్ పోయాను.

ఆమె పేరు సరోజన. నాకన్నా చిన్నది. నేను ఫలానా అని చెప్పగానే గుర్తుపట్టింది. అయినా లోపలికి పిలిచి కుర్చీ వేసింది, చాయ్ పెట్టింది. జరిగింది అంతా చెప్పాను. "తప్పైంది చెల్లె. మీ ఆయననే మమ్ముల కాపాడిండు" అన్నాను.

ఆమె మొదట నవ్వింది. "మా ఆయననా? ఆయన ఎన్నడు బెల్టు వెట్టుకున్నడక్కా? అంగీ నలుగుతదనేటోడు. గా మోత మోగితె రేడియో పెద్దగ వెట్టేటోడు. గసొంటోడు వచ్చి నీకు బెల్టు వెట్టిపిస్తడా?"

సునీత కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత సరోజన నవ్వు ఆపి నన్నే చూసింది. "ఊడదీసిన గంట మోగితె ఆగిండ్రు. నేను బతికున్న మనిషిని, నోటితోని చెప్పిన. నా మాట మీద ఎందుకాగలే అక్కా?"

దెప్పలేదు. తెలుసుకోవాలని అడిగింది. అడిగి, నేను చెప్తానని కూర్చుంది.

సునీత తన చాయ్ గ్లాసులోకి చూస్తోంది. కాసేపటికి సరోజన లేచి, మా బస్సు టైము అడిగింది.

ఆ గంట ఎట్లా మోగిందని ఎంతమంది అడిగినా నాకు తెలియదు. మెకానిక్‌కు తెలియదు, షోరూం వాళ్లకు తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. సరోజన అడిగినదానికి మాత్రం జవాబు ఆ కుర్చీలో ఉండగానే నాకు తెలుసు. మొగుడు పోయిన ఆడదాని మాటే కదా అని ఆగలేదు. నేనూ మొగుడు పోయినదాన్నే. అది ఆమె మొహం మీద చెప్పలేక, చాయ్ తాగకుండానే లేచి వచ్చాను.