ఆఫీసర్ కట్ లోపలి మడత

ఆ రోజుల్ల ఆఫీసుకు పోయే మనిషి గల్లీ మలుపు తిరిగిండంటె ముందుగాల ఆయన పాంటు ప్లీట్లు వచ్చేటివి, వాటెనుక ఆయన వచ్చేటోడు. ఇప్పుడు మా ఆఫీసుల ఎవరు పనికొచ్చిండ్రో, ఎవరు పాలపాకెట్‌ కోసం బయలుదేరి దారి తప్పి వచ్చిండ్రో బట్టలు చూసి చెప్పే వీలు లేదు. టీ షర్టులు, గుంజితె సాగే పాంట్లు, చెప్పులు. కాలం మారింది, మంచిదే, నేనేం ఏడుస్తలేను. కాని ఒక్క పాంటు కోసం మాత్రం మనసు ఇప్పటికీ గుంజుతనే ఉంటది. ఆ పాంటు కథే ఇది. ఇండ్ల ప్రతి అక్షరం నిజం. ధర్మపురి నరసన్న మీద ఒట్టు, సిరిసిల్లల మా నాయిన నడిపిన సాంచ మీద, అంటె మరమగ్గం మీద ఒట్టు, అప్పటికీ నమ్మనోళ్ల కోసం నా పింఛన్ మీద ఒట్టు (నాది ప్రైవేటు కొలువు గనుక పింఛన్ రాదు, అది వేరే మాట).

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులవి. కోరుట్లల ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుల నాకు కొత్తగ కొలువైంది. కొలువంటె పూర్తి కొలువు గాదు. కొన్ని నెలలు చూసి, హైదరాబాదు నుంచి పెద్దసారు దిగి, మనిషిని కిందికి మీదికి చూసి ‘ఉంచుండ్రి’ అంటెనే ఖాయం. మా మేనేజర్‌కు మేం ఎట్ల పనిచేస్తున్నమన్న దానికంటె ఎట్ల కనబడుతున్నమన్నదే ముఖ్యం. టక్కు లేకుంటె ఆయన గుడ్‌మార్నింగ్ గూడ తీసుకోకపోతుండె. మా ఇంట్ల నాకంటె ముందు పాంటేసుకొని కొలువు చేసినోడు లేడు. మా నాయిన బతుకంత సాంచల చప్పుట్ల, లుంగీ మీదనే గడిచింది. నన్ను బస్సెక్కిస్తూ ఆయన ఒక్కటే మాట అన్నడు: “ఇన్నేండ్లు గింత గుడ్డ నేసిన. అండ్ల ఒక్క మీటరు గూడ ఆఫీసు కుర్చీల కూసున్నట్టు నాకు తెల్వదు. నువ్వన్న కూసోరా.” ఆ మాట నా జేబుల కంటె బరువుగ ఉండె.

జగిత్యాలల ఒక బట్టల దుకాణంల ‘ఆఫీసర్ కట్’ అని ఒక రకం పాంట్లు దొరికేటివి. ముందర రెండు పక్కల రెండేసి ప్లీట్లు, అంగి జారకుండ నడుము పట్టీ లోపల రబ్బరు గీతలు, బస్ టికెట్ దాచుకునేటందుకు ఒక దొంగజేబు. దుకాణపాయన దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తోని నిమిరి, ఇది వేసుకుంటె ప్యూనుకు గూడ పదిమంది లేచి నిలబడుతరని చెప్పేటోడు. నా దగ్గర అప్పటికి ఒక్కటే ఆఫీసు పాంటు, అది గూడ మామూలుది. పెద్దసారు రేపు వస్తడనగ ఆ ఒక్కదాని మీద వంటావార్పుల సాంబారు పడ్డది. (వంటావార్పంటె రోడ్డు నడిమిట్ల పొయ్యి పెట్టి, అక్కడ్నే వండి, అక్కడ్నే తిని నిరసన చెప్పుడు. నేను వండలేదు, ఉద్యమానికి నా వంతు తినే కాడ అందించిన.) మోకాలు మీద పసుపు రంగుల ఒక పెద్ద దీవి ఏర్పడ్డది. సబ్బు పెట్టి రుద్దితె దీవి పక్కన ఇంకొన్ని చిన్న దీవులు లేచినయి. ఇగ లాభం లేదని మర్నాడు పొద్దున్నే జగిత్యాల పోయి ఆఫీసర్ కట్ కొని, బస్సుల ఒడిల పెట్టుకొని కోరుట్లకు వచ్చిన. వచ్చి విప్పి చూస్తె గుర్తుకొచ్చింది, గసొంటి పాంట్లకు కింద అంచు కొట్టి ఉండదు. కొన్నోని పొడుగును బట్టి దర్జీ కత్తిరించి కుట్టాలె. వేసుకుంటె నా పాదాలు కనబడలేదు. పెద్దసారు సాయంత్రం దిగుతడు, మర్నాడు పొద్దుగాల ఆఫీసుకొస్తడు. మనకు మస్తు టైమున్నదనుకున్న.

మా ఆఫీసు గల్లీలనే చాచా కుట్టు దుకాణం. ఊరంత ఆయనను చాచా అంటుండె, ఆయన ఊరంతటినీ బేటా అంటుండె. పోయి చూస్తె షట్టర్ మూసి ఉన్నది. పక్క దుకాణం, ఆ పక్కది, బజారు కాడిది, అన్ని మూసినయి. పాన్‌డబ్బా అతను చెప్పిండు, ఇయ్యాల టెంటుల దర్జీల వంతట. అప్పట్ల బస్టాండు కాడ టెంటేసి రిలే నిరాహార దీక్షలు నడుస్తుండె. రోజుకొక పనోళ్లు. ఒకరోజు వకీళ్లు, ఒకరోజు ఆటోలోళ్లు, ఒకరోజు బీడీలు చేసే అక్కలు. పొద్దుగాల మెడల దండ, సాయంత్రం ఒక పెద్దమనిషి చేతుల మీద నిమ్మరసం. సరిగ్గ నా పాంటుకు అంచు కావాల్సిన నాడే కోరుట్లల సూదులన్ని దీక్షకు కూసున్నయి.

టెంటు కింద ముందటి వరుసలనే చాచా ఉన్నడు, మెడల బంతిపూల దండ, ముఖం మీద పెండ్లికొడుకు గంభీరం. నేను పక్కకు చేరి, సంచి తెరిచి, కొలువు సంగతి, పెద్దసారు సంగతి, మా నాయిన సంగతి అన్ని చెవుల ఊదిన. ఆయన అంత విని సంచిలకు చెయ్యి పెట్టి గుడ్డను రెండు వేళ్ల నడుమ రుద్ది, మంచి మాల్ అన్నడు. అన్నంక చెయ్యి తీసి దండ సర్దుకున్నడు.

“సూది ముట్ట బేటా. ఇయ్యాల నేను ముడితె రేపు ఈ టెంటుకు ఏం ఇజ్జత్ ఉంటది? నిమ్మరసం తాగినంక చూద్దాం. అందాక కూసో.”

కూసున్న. లేచి పోతె సాయంత్రం నా కంటె ముందు ఇంకెవడన్న వరుసల నిలబడుతడని భయం. కూసున్నోన్ని కూసున్నట్టే ఉండనియ్యక ఒకాయన వచ్చి నా మెడల గూడ దండేసిండు, మైకుల ఇయ్యాల్టి దీక్షాపరుల్ల నన్ను గూడ దర్జీగ లెక్కేసిండు. పొద్దుటి నుంచి ఏం తినలేదు గనుక అబద్ధం గూడ గాదు. చుట్టూ ఉన్న దర్జీలు ఊరుకుంటరా. ఒకాయన కాజా కుడుతవా, కాలర్ కుడుతవా అని అడిగిండు. ఇంకొకాయన నా మోకాలు మీది పసుపు దీవిని చూసి, ఎంబ్రాయిడరీ బాగుంది, నువ్వే వేసినవా అన్నడు. మధ్యాహ్నమయ్యేసరికి ఆకలికి నాకు ప్లీట్లు గూడ మడతల చపాతీల లెక్క కనబడ్డయి.

ఐదైంది. నిమ్మరసం ఇయ్యవలసిన రిటైర్డ్ హెడ్మాస్టరు సారు రాలేదు. జగిత్యాల రోడ్డు మీద మనోళ్లే రాస్తారోకో పెట్టి మన సారునే ఆపిండ్రు. పేపరు ఫొటోగ్రాఫరు ఇంకో ఊరికి పోవాలని తొందరపెడుతున్నడు. మైకాయనకు ఎవరన్న ఆఫీసరు లెక్క కనబడేటోడు కావాలె, జనంల చూస్తె అంత లుంగీలు, ధోతులు. అప్పుడు చాచా నా సంచి దిక్కు చూసిండు.

ఆ తర్వాత జరిగింది నా చేతుల లేదు. దండ తీసిండ్రు, టెంటు వెనకకు తోలిండ్రు, కొత్త పాంటు తొడిగించిండ్రు. కింద మిగిలిన గుడ్డను లోపలికి మడిచి, కరపత్రాలకు కొట్టే స్టాప్లర్‌తోని పిన్నులు కొట్టిండ్రు. నేను ముందుకొచ్చేసరికి మైకుల ‘జగిత్యాల నుంచి విచ్చేసిన ఆఫీసరు గారు’ అని వినబడ్డది (జగిత్యాల నుంచి విచ్చేసింది నా పాంటు, నిజానికి). గ్లాసు పట్టుకొని ఒక్కొక్కరికి తాగిపిస్తూ చాచా కాడికి వచ్చి వంగిన. ఎడమకాలు పిన్ను ఊడింది, గుడ్డ జారింది, నా గుడ్డను నేనే తొక్కి ఆయన మీద పడ్డ. నిమ్మరసం సగం ఆయన కుర్తాకు పోయింది. జనం చూస్తున్నరు. చాచా మిగిలిన సగం నిదానంగ తాగి, గడ్డం తుడుచుకొని, ఎంతో మర్యాదగ అన్నడు:

“సార్, మీ పాంటుకు జర ఆల్ట్రేషన్ కావాలె. మా దుకాణం దగ్గర్నే.”

అందరు దీక్ష విరమించినంక తేలిందేందంటె, పొద్దుటి దీక్షాపరుల్ల ఇంకొకడు మిగిలిండు. ఆఖరి గ్లాసు నాకు నేనే తాగిపిచ్చుకున్న.

చాచా ఇంటికి పోయి ఒక బుక్క తిని రాలేదు. సీదా షట్టర్ ఎత్తి మిషను మీద కూసున్నడు. అంచుకు గుర్తు పెట్టి, మిగిలిన గుడ్డను కోసేయకుండ నాలుగు వేళ్ల వెడల్పు లోపలికి మడిచి కుట్టబోతుంటె, కోసెయ్యి చాచా, నేను ఇంక పెరుగ అన్న.

“నువ్వు పెరుగవు. పొట్ట పెరుగుతది. పొట్ట పెరిగితె పాంటు మీదికి పోతది. అప్పుడు ఈ గుడ్డ ఇడిపిచ్చుకో. కొలువు మీద ఉన్నోనికి పొట్ట రాకుంట ఉంటదా?”

ఆ కొలువు ఇంకా ఖాయం గాలేదని ఆయనకు గుర్తులేదో, గుర్తుండే అన్నడో. నేను మాత్రం ఆ మాటకు మిషను పక్క స్టూలు మీద కూసొని, దారం ఉండను ఊరికె చేతుల తిప్పుతూ ఉండిపోయిన.

మర్నాడు పెద్దసారు వచ్చిండు. వరుసగ నిలబడ్డ మమ్ముల చూసుకుంట వచ్చి నా ముందు ఆగిండు. పాంటును కింది నుంచి మీదికి చూసి, మేనేజర్ దిక్కు తిరిగి, ఆఫీసంటె గిట్లుండాలె అన్నడు. అక్కడ్నే నా కొలువు ఖాయమైంది. సాయంత్రం మా నాయినకు ఫోన్ చేసిన. ఆయన వెనక సాంచల చప్పుడు. పాంటు చూసిండారా సారు అని అడిగిండు. “చూసిండు నాయినా” అన్న.

చాచా చెప్పినట్టే అన్ని పెరిగినయి. తెలంగాణ వచ్చింది, జీతం వచ్చింది, పొట్ట అందరికంటె ముందుగ వచ్చింది. ఆఫీసుల మొదట శుక్రవారం టీ షర్టులకు ఒప్పుకున్నరు, తర్వాత వారమంత శుక్రవారమే అయింది. ఇప్పటి మా మేనేజరు పిలగాడు మీటింగుల నా ప్లీట్లను చూసి, అంకుల్ ఇయ్యాల ఏమన్న ఫంక్షనా అని అడుగుతడు. మొన్న జగిత్యాల పోయి ఆఫీసర్ కట్ అడిగితె దుకాణపాయన కొడుకు, దాన్ని కంపెనీయే బంద్ చేసిందని చెప్పి స్లిమ్ ఫిట్ చేతుల పెట్టిండు. లోపలికి పోయి తొడిగిన. తీసేటందుకు ఇద్దరిని పిలువాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి బీరువా అడుగు నుంచి పాతది తీసిన. చీలమండల మీద ఆగుతున్నది. బదిలీ అయి విడిచిన కోరుట్లకు మళ్ల పోయిన. చాచా దుకాణంల ఇప్పుడు ఆయన కొడుకు టీ షర్టుల మీద బొమ్మలు అచ్చేస్తున్నడు. చాచా మూలకు కుర్చీల ఉన్నడు, చూపు సరిగ్గ లేదు. పాంటు ఒడిల పెట్టిన. అంచు తడిమి, మడత లోపలికి వేళ్లు పోనిచ్చి, పొట్ట వచ్చిందా ఆఫీసరు సాబ్ అన్నడు. కుట్లు ఆయనే ఇడిపిండు, తడుముకుంట. లోపలి గుడ్డ కొన్ననాటి రంగుల అట్లనే ఉన్నది, చుట్టూ పాంటు వెలిసిపోయింది.

ఇగ ఒట్టు సంగతి. నిమ్మరసం అబద్ధమని మీరనుకుంటున్నరు, నాకు తెలుసు. అది నిజం, స్టాప్లర్ గూడ నిజం. నేను కల్పించింది ఒక్కటే, పెద్దసారు వచ్చుడు. ఆయన రాలేదు. బస్సులు బంద్, కార్లు బంద్, హైదరాబాదులనే ఆగిపోయిండు. కొలువు తర్వాత ఎప్పుడో అందరితోపాటు ఒక ఫోన్ మీద ఖాయమైంది, నా పాంటు సంగతి ఎవనికీ తెల్వదు. ఆ మర్నాడు కొత్త పాంటుల పొద్దుటి నుంచి నేను ఆఫీసు గడప మీద నిలబడ్డ. మధ్యాహ్నం చాచా ఆ దారిన పోతూ ఆగిండు. నన్ను రెండడుగులు నడువుమన్నడు, తిరుగుమన్నడు. వంగి అంచు చూసి, బరాబర్ పడ్డది అని చెప్పి పోయిండు.

సాయంత్రం మా నాయిన, చూసిండారా అని అడిగిండు. చూసిండు నాయినా అన్న. ఎవరు చూసిండ్రో ఆయన మళ్ల అడుగలేదు.