టచ్‌లో ఉందాం

మాస్టరక్కకు ఆ నెలాఖరే గడువు. బట్టల ఫ్యాక్టరీలో పని పోయినప్పటి నుంచి ఆమె మళ్లీ కటింగ్ మాస్టరు పని కోసం కాళ్లకు బలపాలు కట్టుకుని తిరుగుతోంది. దొరక్కపోతే ఒకటో తారీఖు నుంచి మరిది పుస్తకాల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటానని ఇంట్లో మాటిచ్చేసింది. మరిది మంచివాడే, షాపూ మంచిదే. కానీ ఇన్నేళ్లూ దొంతర్లు దొంతర్లుగా గుడ్డ పరిచి గీత తప్పకుండా కోసిన చెయ్యి, ఇక పెన్నులకు రబ్బరు బ్యాండ్లు చుడుతుందంటే ఆమెకు ముద్ద దిగడం లేదు. ఆడమనిషి కటింగ్ మాస్టరేమిటని నవ్వినవాళ్ల చేతే అక్కా అనిపించుకున్న పని అది.

"నీకు నెట్‌వర్క్ లేదమ్మా," అని తేల్చేసింది కూతురు, రోగం పేరు చెప్పే డాక్టర్లా. ఉద్యోగస్తులు ఒకరితో ఒకరు పరిచయాలు పెంచుకునే యాప్ ఒకటి అమ్మ ఫోన్లో పెట్టి, కత్తెర పట్టుకున్న ఫొటో ఎక్కించింది. "వచ్చిన ప్రతివాళ్లనీ కలుపుకో. మెసేజ్ పెడితే జవాబివ్వు. రాయక్కర్లేదు, కింద రెడీగా ఉంటాయి, నొక్కెయ్."

మాస్టరక్క ఏ పనైనా ఒళ్లు దాచుకోకుండా చేసే మనిషి. ఇదీ అలాగే చేసింది. పాలు పొంగేలోపు నొక్కేది, బస్సు వచ్చేలోపు నొక్కేది. సబ్బుల మెషిన్లు అమ్మేవాళ్లు, జీవితంలో గెలవడం ఎలాగో నేర్పేవాళ్లు, మొహం కూడా కనిపించనివాళ్లు, అందరూ ఆమెకు చుట్టాలైపోయారు. రెడీ జవాబుల్లో 'తప్పకుండా, టచ్‌లో ఉందాం!' అన్నది ఆమెకు బాగా నచ్చింది. మర్యాదగా ఉంటుంది, వేలికి శ్రమ లేదు.

ఫోను చాలదన్నట్టు ఒక ఆదివారం హోటలు హాల్లో బట్టల వ్యాపారుల మీటింగుకు కూడా వెళ్లింది. కొత్త చెప్పులు కరుస్తుంటే మధ్యాహ్నం దాకా నిలబడింది. ఒక పెద్దమనిషి ఆమెకు చెయ్యి ఇస్తూనే ఆమె భుజం మీదుగా ఇంకెవరికో నవ్వాడు. ఒకావిడ హడావిడిలో మాస్టరక్క కార్డునే మాస్టరక్కకు తిరిగిచ్చి, "తప్పకుండా ఫోన్ చెయ్యండి," అంది. ఆమె అలాగేనంది. మరేమనాలి?

ఇంటికొచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుంటే, బస్సు నడిపి అలిసిపోయి వచ్చిన మొగుడు అడిగాడు. "అంతమందిలో నువ్వు తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"మీకేం, మీ ప్యాసింజర్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు," అని కసిరింది. నిజం చెప్పినందుకే కోపం వచ్చింది. ఆ పూట ఆమెకు నిజంగా విసుగు పుట్టింది, నవ్వి నవ్వి బుగ్గలు కూడా నొప్పులు పుట్టాయి.

నెలాఖరు ఇంకా వారం ఉందనగా, పొద్దున్నే నోట్లో బ్రష్షుతో, యాప్ చూపించిన 'ఈరోజు అభినందించాల్సినవాళ్లు' అందరినీ వరసపెట్టి నొక్కేసింది. నోరు పుక్కిలించే లోపే ఫోను మోగింది. ఎవరో చూడకుండానే ఎత్తింది.

"ఏం మాస్టరక్కా, ఎగతాళా?"

మైకన్న. పాత ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మెషిన్ల మోతను మించి వినిపించే గొంతు కాబట్టి ఆ పేరు. మొదట ఇంటికి పంపేసినవాళ్ల పేర్లు, మాస్టరక్క పేరుతో సహా, నిలబడి చదివింది ఈయనే. నెల తిరక్కుండా గేటుకు తాళం పడి తనూ రోడ్డున పడ్డాడు. అయినా మాస్టరక్క కోపం చల్లారలేదు, ఎన్నిసార్లు ఫోన్ చేసినా కట్ చేసేది.

"ఇదే ఉద్యోగంలో ఇంకో ఏడాది పూర్తి చేసినందుకు అభినందనలట. నేనేదో ఆ యాప్‌లో పాత ఉద్యోగం మార్చలేదనుకో. ఆ గేటుకు తాళం పడిందని నీకు తెలీదూ?"

ఆమెకు తల తీసేసినట్టయింది. "చూసుకోలేదన్నా. అందరితోపాటు నొక్కేశాను."

మైకన్న గొంతు తగ్గింది. "అయితే ఆమధ్య నాకిచ్చిన జవాబు కూడా నొక్కిందేనా?"

"ఏ జవాబు?"

"మా వీధిలో ఒకావిడ చిన్న కుట్టు యూనిట్ పెట్టింది. కటింగ్ మాస్టరు కావాలంది. నీ గురించి చెప్పాను. నువ్వు నా ఫోను ఎత్తవు కదా, అందుకని ఆ యాప్‌లో రాశాను, వెంటనే రమ్మని. 'తప్పకుండా, టచ్‌లో ఉందాం' అన్నావు. ఇంకా కోపం పోలేదు కాబోలు అనుకున్నా. ఆవిణ్ని ఆగమన్నాను, ఆగింది కూడా. మొన్న సోమవారం వేరే అతన్ని పెట్టుకుంది."

మాస్టరక్క బాత్రూము గడప మీద కూలబడిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? ముక్కూ మొహం తెలియనివాళ్ల కుక్కపిల్ల ఫొటోకు కూడా చప్పట్లు కొట్టింది. ఆమె చెయ్యి తెలిసిన మనిషి, కోత తెలిసిన మనిషి, కోపం కూడా తెలిసిన మనిషి పిలిస్తే బటను నొక్కి పంపించేసింది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"ఆ రోజు చదవమన్నారు, చదివాను," అన్నాడు మైకన్న. "నీ పేరు దగ్గర నోరు రాలేదు. మెల్లిగా అన్నాను. నీకు వినిపించిందో లేదో."

"వినిపించింది. అదే నా కోపం. అందరి పేర్లూ గట్టిగా చదివి, నా పేరొక్కటే దొంగసొత్తులా దాచి చదివావు. నేనేం తప్పు చేశాననుకోవాలి?"

"నేను చేసిన తప్పులా అనిపించిందమ్మా, అందుకు," అన్నాడాయన.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఒకటో తారీఖున మాస్టరక్క మరిది షాపులో కూర్చుంది. ఎర్ర పెన్నులు ఒక కట్ట, నీలం పెన్నులు ఒక కట్ట కట్టింది. గిఫ్టు కాగితం కోసేటప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే నిటారుగా వెళ్లింది. బాగా కోశావు వదినా అని మరిది మెచ్చుకుంటే మొహం పక్కకు తిప్పుకుంది.

సాయంత్రం షట్టరు దించుతుంటే మైకన్న ఫోను. షట్టరు సగంలోనే వదిలేసి ఎత్తింది.

"ఎక్కడైనా పనుందా అన్నా?"

"ఏం లేదు. ఊరికే చేశాను. మొదటిరోజు కదా, ఎలా ఉంది?"

ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పులు విడిచింది. "ఏం చెప్పను? ఒళ్లు హూనమైంది. రేపు మాట్లాడతాలే," అంది. అంది గానీ ఫోను పెట్టెయ్యలేదు. ఆయనా పెట్టలేదు.