పేజీలన్నీ వచ్చాకే

వీరభద్రం గారు ఇక లేరని ఫోను వచ్చినప్పుడు నేను గ్రంథాలయం మెట్లెక్కుతున్నాను. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రం కూడా ఆయన పక్కనే కూర్చుని పత్రిక చదివాను. నిద్రలోనే ప్రశాంతంగా వెళ్లిపోయారట.

చివ్వెంలలో పుట్టిన ఆయన ఇంజనీరింగ్ చదివి, విమాన ప్రమాదాలకు కారణాలు వెతికే శాఖలో ఉద్యోగ జీవితమంతా గడిపారు. విరమణ తర్వాత సూర్యాపేటలో స్థిరపడి, మా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్లను తన ఆఫీసు చేసుకున్నారు. పదో తరగతితో బడి మానేసి మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్న నాకు ఆ బల్లే కళాశాల. గాలి అంత బరువైన విమానాన్ని ఎలా మోస్తుందో అక్కడి పుస్తకాల్లోనే చదివాను. అర్థం కానిది ఆయన్ను అడిగాను.

గ్రంథాలయంలో పత్రిక చదవడమంటే తెలిసిందే. ఒక్క పత్రికను విడదీసి నలుగురం పంచుకుంటాం. మొదటి పేజీ దొరికినవాడు వెంటనే తీర్పు చెప్పేస్తాడు; మిగతా వార్త లోపలి పేజీలో మరొకరి చేతిలో ఉంటుంది. ఆయన వచ్చాక ఒక నియమం పెట్టారు: పేజీలన్నీ అందరి చేతులూ తిరిగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. "మా దర్యాప్తంటే గింతే. ముక్కలన్ని బల్ల మీదికి రావాలె. అప్పటిదాక ఊకుండుడే కష్టం" అనేవారు నవ్వుతూ.

ఆ నియమానికి ఒక వానాకాలం పరీక్ష వచ్చింది. మా బల్ల దగ్గరే కూర్చునే రిటైర్డ్ టీచరు యాకోబు సారు కూతురు సునీత కో-పైలట్. ఎక్కడో దూరపు నగరంలో, జోరువానలో ఆమె దించుతున్న విమానం రన్‌వే దాటి బురదలోకి పోయింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. సాయంత్రానికల్లా టీవీలు పైలట్ల తప్పని తేల్చేశాయి. మా బల్ల దగ్గరా ఒక పెద్దమనిషి, "ఆడపిల్ల చేతికి బస్సే ఇయ్యరు, ఇమానం ఎట్లిచ్చిన్రు?" అన్నాడు. యాకోబు సారు చేతిలోని పేజీ మడిచిపెట్టి లేచారు. కోదాడలో తమ్ముడింటికి వెళ్లి అక్కడే ఉండిపోయారు.

వీరభద్రం గారు నన్ను వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కారు. యాకోబు సారు ఆయన చేతులు పట్టుకున్నారు.

"అన్నా, పెద్ద ఆఫీసరుగ చేసినవ్. నా బిడ్డ తప్పు లేదని ఒక్క మాట చెప్పు. నలుగురికి చెప్పుకుంట."

"లేదని చెప్ప సారూ, ఉన్నదని చెప్ప. నాకింకా తెల్వదు."

"దోస్తువని అడుగుతున్న."

"దోస్తును గాబట్టే అబద్ధం ఆడుతలేను. నీ కుర్చీల ఎవ్వరిని కూసోనిస్తలేను. వచ్చి నీ పేజీ నువ్వు సదువు."

యాకోబు సారు రాలేదు. ఫోను కూడా ఎత్తడం మానేశారు. ఒక్క మాట అంటే పోయేదేముందని తిరుగు ప్రయాణంలో నాకూ అనిపించింది.

చాలా నెలలకు దర్యాప్తు నివేదిక వెలువడింది. వీరభద్రం గారు మళ్లీ కోదాడ వెళ్లి, స్నేహితుడి ఎదుట కూర్చుని, వాక్యం వాక్యం తెలుగులో చెప్పారు. రన్‌వే మీద నీళ్లు నిలిచాయి. గాలి మారిన సంగతి విమానానికి ఆలస్యంగా అందింది. దిగాల్సిన చోటు కొంత దాటాక చక్రాలు నేలను తాకాయి. ఆ చివరి తప్పు పైలట్లది. దాన్ని ఆయన దాటవేయలేదు.

"గీడ నీ బిడ్డది గూడ కొంత ఉన్నది సారూ."

"ఇది దాచినవంటే మిగతాది నేను నమ్మకపోదును" అన్నారు యాకోబు సారు.

మర్నాడు ఆయన కుర్చీ నిండింది. బస్సు మాట అన్న పెద్దమనిషే తన చేతిలోని మొదటి పేజీ ఆయనకు అందించాడు. సునీత మళ్లీ శిక్షణ పొంది విమానం నడుపుతోంది.

అంతిమయాత్రకు ముందు ముంగిట్లో మా బల్లవాళ్లే కారణాలు వెతకడం మొదలుపెట్టారు. "పొద్దుగాల సలిల తిరుగుడు మంచిగ కాలే" అన్నారొకరు. "కాదే, షుగర్ గోలీలు బంద్ పెట్టిండు" అన్నారింకొకరు. యాకోబు సారు కళ్లు తుడుచుకుని, "పేజీలన్ని వచ్చినయా?" అన్నారు. చావింట్లో అందరం నవ్వేశాం. ఆయన ఉంటే మాకంటే ముందు నవ్వేవారు.

తీర్పులు చెప్పేవాళ్లం ఊరినిండా ఉన్నాం. తెలియనిది తెలియదని ప్రాణస్నేహితుడికి కూడా చెప్పగల సత్యనిష్ఠ ఆయనతోనే వెళ్లిపోయింది. ఆ మహనీయునికి చేతులు జోడిస్తున్నాను.

నిన్న సాయంత్రం పేజీలన్నీ తిరిగి బల్ల మీదికి వచ్చాయి. వాటిని వరసగా పేర్చడం ఎప్పుడూ ఆయన పనే. యాకోబు సారు పేర్చి, మడిచి, మధ్యలో పెట్టారు. ఇక మాట్లాడవచ్చు. ఎవరమూ మాట్లాడలేదు.