నిమిషానికొక వరస చుక్కలు

మొన్న ప్రొద్దుటూరు బ్యాంకులో కౌంటరు పక్కన నిలబడి ఉంటే, కంప్యూటరు వెనకనుంచి వేడిగాలి వచ్చి నా మోచేతికి తగిలింది. ఖాదర్ సారు గుర్తొచ్చి, వరసలో ముందుకు జరగడమే మరిచిపోయినాను.

జమ్మలమడుగులో ఒక ప్రైవేటు కాలేజీలో నేను ఆయాగా ఉన్న రోజులవి. కంప్యూటర్ల గది ఖాదర్ సారు చూసుకునేవారు. పిల్లల కంప్యూటర్లన్నీ ఆ గది మూలనున్న ఒక పెద్ద మిషన్ మీదే నడిచేవి. ఆ ఎండాకాలం అది రోజూ మధ్యాహ్నానికి మొండికేసేది. పిల్లలు రాస్తున్న పరీక్ష సగంలో ఆగిపోయేది. చివరికి ప్రిన్సిపాల్ నన్ను పిలిపించినాడు.

"ఓబుళమ్మా, ఆ గదిలో ఊడ్చేది తుడిచేది నువ్వొక్కదానివే. తడిగుడ్డ తగిలించి ఏందో చెడగొట్టినావు. సోమవారం నుంచి రావద్దు."

మా ఆయన నడుం దెబ్బతో మంచం మీద ఉన్నాడు. ఇల్లు నడిచేది నా జీతంతోనే. పక్కనున్న ఖాదర్ సారు కల్పించుకున్నారు.

"రెండు రోజులు ఆగండి సార్. ముందు మిషన్ను అడుగుదాం. మనుషులను తర్వాత అడగొచ్చు."

"అదేం చెప్తాది?"

"అన్నీ చెప్తాది. అబద్ధం ఒక్కటే రాదు దానికి."

మరుసటి రోజు పొద్దున ఆయన నల్ల తెర మీద ఏదో ఒక ముక్క టైపు చేసినారు. నిమిషానికొక వరస చుక్కలు పడసాగినాయి. ఆయనకు పక్క గదిలో క్లాసు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టినారు.

"నాకు చదువు యాడ వచ్చు సార్?"

"చదవాల్సిన పని లేదమ్మా. మిషన్ చేయలేక ఎంత పని పెండింగు పెడతాందో, అన్ని చుక్కలు. వరస పొడుగైతే, అంతకుముందు ఈడ ఏం జరిగిందో గుర్తు పెట్టుకో. నీ జ్ఞాపకం శానా గట్టిది."

తొమ్మిదికి మూడు నాలుగు చుక్కలు. పదిన్నర దాకా అంతే. పదకొండుకు వరస తెరలో సగానికొచ్చింది, పన్నెండుకు అంచు తాకింది. పదిన్నరకూ పదకొండుకూ మధ్య జరిగింది ఒక్కటే. సార్ల టిఫిన్ క్యారియర్లు నేనే తెచ్చి, ఎప్పటిలాగే మిషన్ వెనక ఆనించి పేర్చినాను. ఆడ వేడిగాలి వస్తుంది, అన్నం చల్లారదు. ఎండాకాలం మొదట్లో నాకు తోచిన ఉపాయమది. ప్రిన్సిపాల్ కూడా మెచ్చుకున్నాడు.

తప్పు నాదే. క్యారియర్లు ఒక్కొక్కటీ తీసి బెంచీ మీద పెట్టినాను. పావుగంటలో వరసలు పొట్టివైనాయి. ఎవరూ చూడలేదు, ఊరకుండొచ్చు. కానీ నన్ను నమ్మి కూర్చోబెట్టిన మనిషికి ఎట్లా దాచేది? పోయి చెప్పేసినాను.

ఆయన పడీపడీ నవ్వినారు. "వేడిగాలి బయటికి పోకుండా ముక్కూ నోరూ మూస్తే అది మాత్రం ఎట్లా పని చేస్తాదమ్మా?"

ఆ చుక్కలు ప్రింటు తీసి ప్రిన్సిపాల్ ముందు పెట్టి, "కనిపెట్టింది ఓబుళమ్మే" అన్నారు.

"చేసింది కూడా నేనే సార్" అన్నాను.

ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. "అయితే ఇంక నేను చల్లన్నం తినాల్నా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "సోమవారం ఎప్పటిలాగే రా" అన్నాడు. వరండాలోకి వచ్చి, గోడకానుకుని కూలబడి, కొంగుతో మొహం తుడుచుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో పాలు విరిగినా, మోటారు ఆగినా, "ఎవరు చేసినారు?" అనే మాట నా నోట రాదు. "ఎప్పటినుంచి?" అని అడుగుతాను. కోడలు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. నాకు నిజం చెప్పడానికి ఈ ఇంట్లో ఎవరికీ భయం లేదు.