ఆల్టర్నేటర్ మార్చిన బంద్ రోజు

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పదకొండున్నరకు మా ఇంటి యజమానురాలి పుట్టింటి ఊరి నుంచి ఒకతను మోటార్ సైకిల్ మీద వచ్చి, ఆమె తమ్ముడు తెల్లవారుజామున పోయాడని చెప్పాడు. "రెండింటికి శవాన్ని లేపుతరు. నేను ఇంక నలుగురికి చెప్పేదుంది," అంటూ బండి దిగకుండానే వెళ్లిపోయాడు.

తల్లి చనిపోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. ఊరు పెద్ద అంబర్‌పేట్ దాటి చాలా దూరం, కారులో గంట ప్రయాణం. ఆమెకు డెబ్బై ఏళ్లు, మోకాలు వంగదు. చైతన్యపురి వెనక ఆ కొత్త కాలనీలో అప్పటికి కారున్నది, ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఆమె కింది వాటాలో అద్దెకుంటున్న మాకొక్కరికే.

"బిడ్డా, నీ కారు..." అంది.

"పదండి పెద్దమ్మా," అన్నాను.

తాళం తిప్పితే కటక్కుమని ఊరుకుంది. హారన్ నొక్కితే సన్నగా మూలిగింది.

నాకు కారణం తెలుసు. వారం రోజులుగా స్టీరింగ్ వెనక ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆల్టర్నేటర్ పోయింది, బ్యాటరీకి కరెంటు అందడం లేదు. మూసారాంబాగ్‌లో బాగు చేసిన ఆల్టర్నేటర్ ఒకటి తెచ్చి మంచం కింద పెట్టుకున్నాను కూడా. ఆదివారం తీరిగ్గా బిగిద్దాంలే అనుకున్నాను.

"పది నిమిషాలు పెద్దమ్మా," అని అబద్ధమాడి బానెట్ ఎత్తాను. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. నా చేతుల వంకే చూస్తూ ఉంది.

ముందు బ్యాటరీ వైరు విప్పాను. ఆల్టర్నేటర్ వెనక మూడు వైర్లున్నాయి. ఏది ఎక్కడిదో మర్చిపోతే అంతే సంగతులు. మా ఆవిడ కుట్టుమిషన్ డబ్బా తెచ్చి ఒక్కో వైరుకు ఒక్కో రంగు దారం కట్టి, ఏ రంగు ఎక్కడిదో కాగితం మీద రాసుకుంది. పై బోల్టు వదులు చేసి బెల్టు తప్పించాను. కింది బోల్టు మాత్రం కదల్లేదు. తుప్పు. కిరసనాయిలు పోసి ఆగాం. ఆ ఆగిన అయిదు నిమిషాలు నేను తలెత్తలేదు.

"అయితదా బిడ్డా?" అంది ఆమె.

"అవుతుందండీ."

స్పానర్ మీద బరువంతా వేశాను. జారి, నా చెయ్యి రేడియేటర్‌కు గీసుకుపోయింది. రెండోసారీ జారింది. మూడోసారి బోల్టు కీచుమని తిరిగింది.

పాతది ఊడదీశాను. తెచ్చినది బరువు. ఒక చేత్తో మోస్తూ రెండో చేత్తో బోల్టు రంధ్రం వెతుక్కోవాలి. దొరికింది. మా ఆవిడ కాగితం చదువుతుంటే వైర్లు తగిలించాను. బెల్టు బిగువు కోసం రోకలి అడ్డం పెట్టి ఆల్టర్నేటర్‌ను బయటికి నెట్టి పట్టుకున్నాను.

"ఏమండీ, చాలా?" అంటూ ఆవిడే పై బోల్టు బిగించింది. బొటనవేలితో నొక్కితే బెల్టు అరంగుళం దిగింది. చాలు.

బ్యాటరీ వైరు మళ్లీ తగిలించాను. అప్పటికి పావు తక్కువ ఒంటిగంట. పక్కన కడుతున్న ఇంటి కూలీలు నలుగురొచ్చి కారు నెట్టారు. రెండో గేరులో క్లచ్ వదిలాను. దగ్గింది, ఆగింది. మళ్లీ నెట్టారు. ఈసారి అంటుకుంది. ఎర్ర దీపం వెలిగే ఉంది. యాక్సిలరేటర్ తొక్కాను. దీపం ఆరిపోయింది. పెద్దమ్మా, మా ఆవిడా వెనక ఎక్కారు.

ఎల్.బి. నగర్ చౌరస్తాలో బంద్ చేయిస్తున్నవాళ్లు అడ్డం నిలబడ్డారు. ఒకడు కిటికీలోంచి చెయ్యి పెట్టి, "ఇంజన్ బంద్ చెయ్," అన్నాడు. ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

వెనక సీట్లోంచి ఆమె ముందుకు వంగింది. "నా తమ్ముడు సచ్చిపోయిండు కొడుకా. రెండింటికి లేపుతరంట. తొవ్వ ఇడువు."

అతను చెయ్యి తీసేశాడు. తనే ముందు నడిచి దారి చేయించాడు.

మేం చేరేసరికి రెండు దాటింది. శవం ఇంట్లో లేదు, పాడె కదిలిపోయింది. ఊరి బయట దింపుడుకళ్లం దగ్గర అందుకున్నాం. అక్కడ పాడె కిందికి దించి, పోయినవాణ్ణి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. రెండుసార్లు పిలవడం అయిపోయింది. కారు చూసి ఆగారు. నేనూ మా ఆవిడా ఆమెను చెరో రెక్క పట్టుకుని నడిపించాం. మోకాలు వంగనిదల్లా నేల మీద కూలబడింది. మూడోసారి ఆమే పిలిచింది, చిన్నప్పటి ముద్దుపేరుతో. నేను పక్కకు తిరిగాను.

తిరుగు ప్రయాణంలో దాచలేక చెప్పేశాను. వారం నుంచీ ఆ దీపం వెలుగుతోందనీ, సామాను ఇంట్లోనే ఉందనీ.



"ముందుగాల చేసుంటే ఇంట్ల చూసుకుందును," అంది ఆమె. "జరసేపు పక్కన కూసుందును."

"అవును పెద్దమ్మా," అన్నాను.